హంసలదీవి ఇసుకలో లకుముకి

శాలిని చేతిలో థ్రాటిల్ పిడి ఉన్నట్టుండి తేలికైపోయింది.

విమానం నేల విడిచి ఎంతోసేపు కాలేదు. కింద కోడూరు వైపు రొయ్యల చెరువులు పరిచిన రేకుల్లా మెరుస్తున్నాయి. చాలినంత ఎత్తుకు వచ్చాం కదా, ఇంజన్ జోరు కాస్త తగ్గిద్దామని ఆమె పిడి వెనక్కి లాగింది. అది ఏ పట్టూ లేకుండా చివరిదాకా వచ్చేసింది. ఇంజన్ మాత్రం తగ్గలేదు. తగ్గకపోగా, ఇంకో గుక్క పెట్రోలు తాగినట్టు గొంతు పెంచింది. పిడిని ముందుకు తోసి చూసింది. మళ్ళీ లాగి చూసింది. దానికి అవతల ఏమీ లేదు. కేబుల్ తెగిపోయింది.

ఆమె మైకు మీట నొక్కింది.

"అన్నయ్యా," అంది మైకులో. "థ్రాటిల్ కేబుల్ పోయింది. ఇంజన్ ఫుల్లులో ఉండిపోయింది."

గరగర మధ్య కింద నుంచి నతానియేలు గొంతు వచ్చింది. "స్ప్రింగు లాగేసిందన్నమాట. రెక్కలు, తోక, అన్నీ మాట వింటున్నాయా?"

"అన్నీ బాగానే ఉన్నాయి. తగ్గటం ఒక్కటే లేదు."

ఆ స్ప్రింగు సంగతి ఇద్దరికీ తెలుసు. ఎప్పుడైనా కేబుల్ తెగితే ఇంజన్ ఆగిపోకుండా పూర్తి జోరులో నడుస్తూ ఉండాలని కార్బురేటర్ దగ్గర దాన్ని బిగించింది నతానియేలే. తక్కువ ఎత్తులో ఇంజన్ చచ్చిపోతే చెరువులోనో కొబ్బరితోటలోనో పడాల్సిందేనని అతని వాదన. జోరు తగ్గని విమానాన్ని దించేదెట్లా అని ఆమె వాదన. ఉయ్యూరులో వాళ్ళమ్మ అమలమ్మ వడ్డించిన అన్నం కంచాల్లో ఆరిపోయేదాకా వాదించుకుని, చివరికి చెల్లెలే ఒప్పుకుంది. ఇప్పుడు అతని మాటే నిలిచింది. ఆ స్ప్రింగు లేకపోతే ఆమె ఈపాటికి ఏదో ఒక చెరువులో ఉండేది. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు.

నతానియేలు విజయవాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. పందేల్లో ఎగిరే చిన్న విమానాన్ని తానే గీసి, తానే కట్టాలన్నది చదువుకునే రోజుల నుంచీ అతనికున్న పిచ్చి. ఆటోనగర్లో లేత్ వర్క్‌షాపు నడిపే రాఘవకు ఆ పిచ్చి అంటుకుంది. వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఇద్దరూ ఆరేళ్ళు కష్టపడ్డారు. ఒక్కరే కూర్చోగలిగే విమానం. పొట్టి రెక్కలు. చెక్క చట్రం మీద పల్చటి ప్లైవుడ్డు. పాత కారు ఇంజన్ ఒకటి తెచ్చి, దాన్ని విప్పి, మార్చి, ముక్కుకు బిగించారు. బరువు తగ్గుతుందని స్టార్టరు కూడా పెట్టలేదు. పంకాను చేత్తో తిప్పి లేపాల్సిందే. పైన నీలం, పొట్ట కింద ఇటుకరంగు వేసి, లకుముకి పిట్టలా ఉందని ఆ పేరే పెట్టుకున్నారు.

అందులో ఏ మేకు ఎంత బరువు మోస్తుందో నతానియేలుకు కంఠోపాఠమే గాని, విమానం నడపటం మాత్రం రాదు. నడిపేది శాలిని. ఆమె హైదరాబాదు దగ్గర ఓ ఫ్లయింగ్ స్కూల్లో విమానం నేర్పుతుంది. అనుమతులన్నీ చేతికొచ్చాక సెలవు పెట్టుకుని వచ్చి, లకుముకిని రెండుసార్లు పైకి తీసుకెళ్ళి పువ్వులా దించింది. ఇది మూడోసారి.

"శాలూ, గన్నవరం వెళ్ళిపో," అన్నాడు నతానియేలు. "పెద్ద రన్‌వే. ఫైరింజన్లు ఉంటాయి. వాళ్ళతో నేను మాట్లాడతా."

శాలిని ఆయిల్ వేడి చూపించే ముల్లు వంక చూసింది. అది మెల్లగా, ఆగకుండా కుడివైపుకు పాకుతోంది. ఇంత జోరుగా ఇంతసేపు నడవటానికి ఆ ఇంజన్ పనికిరాదు. 

"అంతదూరం రాదన్నయ్యా. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. మధ్యలో పట్టేసిందంటే ఏ ఊరి మీద పడతానో తెలీదు."

"ఇగ్నిషన్ ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపి... అట్టా తగ్గించుకుంటా రాలేదా?" ఇది రాఘవ గొంతు. వాకీటాకీ లాక్కున్నట్టున్నాడు.

"చూస్తానుండు."

స్విచ్చి ఆపింది. ఒక్కసారిగా నిశ్శబ్దం మీద పడింది. రెండు క్షణాలాగి మళ్ళీ వేసింది. ముందు నుంచి బాంబు పేలినట్టు చప్పుడు. విమానం మొత్తం దద్దరిల్లింది. పొగగొట్టంలోంచి నారింజరంగు మంట నాలుక ఒకటి బయటికొచ్చి పోయింది. ఆ గొట్టానికి మూరెడు దూరంలో పెట్రోలు పైపు ఉంది.

"వద్దు," అంది. "ఇంకోసారి చేస్తే అంటుకుంటది. ఆపటమంటూ జరిగితే ఒక్కసారే. ఆపింతర్వాత మళ్ళీ లేపేది లేదు."

అంటే దిగటం కూడా ఒక్కసారే. ఎత్తు చాలకపోయినా, ఎక్కువైనా, తప్పు దిద్దుకునే వీలుండదు.

ఆమె విమానాన్ని వంచి రోడ్డు మీదుగా తిప్పింది. వాళ్ళకు రన్‌వే అంటే ఆ సిమెంటు రోడ్డే. ఎప్పుడో ఓ రొయ్యల కంపెనీ వేసుకుని, దివాలా తీశాక వదిలేసి పోయింది. ఇరుపక్కలా చెరువులు, ఆ కొసన కరెంటు తీగలు. మొదటి రెండుసార్లూ అక్కడ నాలుగు గేదెలు తప్ప ఎవరూ లేరు. ఈసారి ఎవరి నోట పాకిందో, ఆదివారం కావటంతో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తరలివచ్చాయి. రోడ్డుకు అటూ ఇటూ మోటారు సైకిళ్ళు, ఆటోలు, ఐస్‌క్రీం బండి. పైన విమానం తిరిగేకొద్దీ బాగా కనపడాలని జనం అంచుల నుంచి రోడ్డు మధ్యకు వచ్చేశారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"జనాన్ని తోస్తన్నాం," అరిచాడు నతానియేలు. "ఒక్క రెండు నిమిషాలు తిరుగు. ఖాళీ చేయిస్తాం."

శాలిని చూస్తూనే ఉంది. ఓ మూల తోస్తే ఇంకో మూల నుంచి వస్తున్నారు. ఆడవాళ్ళ చంకల్లో పిల్లలు. ఎవరో చెయ్యెత్తి తనవైపు ఊపుతున్నారు. వాళ్ళ దృష్టిలో ఇదంతా విన్యాసం. కాలిన ఆయిల్ వాసన ముక్కుకు తగిలింది. అద్దం మీద సన్నటి గోధుమరంగు తుంపర పడింది.

"అన్నయ్యా, రోడ్డు మీదకు రాను. సముద్రం ఒడ్డుకు పోతన్నా. హంసలదీవి వైపు."

"వద్దు! ఇసుకలో చక్రం దిగబడిందంటే బోర్లా పడిపోద్ది. రోడ్డు మీదకే రా, ఎట్టాగోట్టా ఖాళీ చేస్తా."

"రోడ్డు మీద పిల్లలున్నారు."

నతానియేలు పక్కన ఎవరెవరో మాట్లాడుకోవటం వినిపించింది. తర్వాత అతను ఎవరినో అడుగుతున్నాడు: "అక్కడిప్పుడు పోటా, పాటా?" ఓ ముసలి గొంతు చెబుతోంది: "పాటు అయిపోవచ్చిందయ్యా, నీళ్ళు బాగా వెనక్కి పోయున్నాయి. తడి ఇసుక మీద ట్రాక్టర్లు కూడా పోతాయి. కాకపోతే నీళ్ళు మళ్ళీ పోటు ఎక్కే వేళయింది."

"శాలూ, విన్నావా? తడి ఇసుక మీదే దించు. అంచుకు పోకు, పొడి ఇసుక మీదకూ పోకు." గుక్క తిప్పుకున్నాడు. "మేం బయల్దేరుతున్నాం."

మడ అడవులు గబగబా వెనక్కి జరిగిపోయాయి. ఎదురుగా మట్టిరంగు సముద్రం, దాని ముందు బూడిదరంగు ఇసుక చాప. పొడుగ్గా, ఖాళీగా ఉంది. ఒక చివర నాలుగు పడవలు, వలలు ఆరబెట్టిన కర్రలు. నీటి అంచున గంపలు పెట్టుకుని వంగి ఏదో ఏరుకుంటున్న మనుషులు అయిదారుగురు. వాళ్ళకు దూరంగా, ఇసుక నున్నగా కనిపించిన చోటును ఆమె కళ్ళతో గుర్తుపెట్టుకుంది. గాలి సముద్రం మీద నుంచి వస్తోంది. ఎంత ఎత్తులో, ఎక్కడ ఇంజన్ ఆపితే అక్కడికి సరిగ్గా జారుతుందో మనసులో కొలుచుకుంది. లకుముకి రెక్కలు పొట్టివి. ఇంజన్ లేకుండా అది తేలదు, రాయిలా దిగుతుంది. రోజూ తన శిష్యులకు చెప్పే మాట గుర్తొచ్చింది: ఎత్తు ఎక్కువైతే కరిగించుకోవచ్చు, తక్కువైతే అరువు దొరకదు.

"ప్రభువా," అంది పైకే. పెట్రోలు మూసి, స్విచ్చి ఆపింది.

పంకా తడబడుతూ రెండు చుట్లు తిరిగి అడ్డంగా నిలబడిపోయింది. తర్వాత గాలి ఈల ఒక్కటే. ముక్కు కిందికి వంచి వేగం పట్టి ఉంచింది. ఇసుక మీదికి ఉరికి వస్తోంది. ఎత్తు ఎక్కువుంది. విమానాన్ని ఓరగా పట్టి, గాలికి పక్క అడ్డం పెట్టి, కరిగించింది. ఇంకా కాస్త. ఇప్పుడు సరిచేసింది. ముక్కు ఎత్తింది. అద్దం మీద ఆయిల్లో ఏమీ కనపడటం లేదు. పక్కకు తల వంచి, ఇసుక పరుగును చూస్తూ, విమానాన్ని నడిపే కర్రను అంగుళం అంగుళం పొట్టవైపు లాక్కుంది.

చక్రాలు తాకాయి. గట్టి నేలే. నీళ్ళు రెండుపక్కలా చిమ్మాయి. లకుముకి నిటారుగా, బుద్ధిగా పరిగెత్తింది. వేగం సగానికి పడిపోయింది. "అయిపోయింది," అనుకుంది శాలిని. అదే ఆమె తప్పుగా అనుకున్నది. పాటులో నీళ్ళు సముద్రంలోకి పోతూ ఇసుకలో కోసిన సన్నటి పాయ ఒకటి అడ్డంగా ఉంది. పై నుంచి చూస్తే అది ఇసుకలో ఇసుకలా కలిసిపోయింది. చక్రాలు అందులో పడ్డాయి.

ఆకాశం కిందికొచ్చింది. ఏదో విరిగిన చప్పుడు. ఎడమ భుజంలో మెరుపులా నొప్పి. తర్వాత చీకటి, తడి.

తెలివి తప్పలేదు. తలకిందులుగా బెల్టుకు వేలాడుతోంది. సీటు మీది గాజుమూత పగిలి పాయలో కూరుకుపోయింది. తల చుట్టూ ఇసుక, విరిగిన గాజు. జుట్టుకు నీళ్ళు తగులుతున్నాయి. ఎక్కడో టప్ టప్ మని కారుతోంది. ఆయిల్ కాదు. వాసన పోల్చుకుంది. పెట్రోలు.

బెల్టు విప్పితే తల మీదకు పడుతుంది. మెడ విరుగుతుంది. ఎడమ చెయ్యి కదలటం లేదు. కుడిచేత్తో మూత అంచును తోసింది. అది భూమిలో పాతినట్టుంది. నీళ్ళు ఇందాక జుట్టుకే తగిలేవి, ఇప్పుడు నడినెత్తిన చల్లగా ఉన్నాయి. పోటు ఎక్కుతోంది.

"ఎవరైనా ఉన్నారా! ఇక్కడ, ఇక్కడున్నా!"

ఇసుకలో అడుగుల చప్పుడు. విరిగిన గాజు సందులోంచి ముఖం ఒకటి కిందికి వంగింది. నడివయసు మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు.

"ఓలమ్మో, ఆడపిల్ల! ఒరే నాగరాజూ, బతికే ఉందిరా!"

"అమ్మా, పెట్రోలు కారుతోంది. ఎవరూ బీడీ ముట్టించొద్దు. దగ్గర్లో నిప్పుంటే ఆర్పెయ్యండి."

ఆ మనిషి వెనక్కి తిరిగి అరిచిన అరుపుకు ఒడ్డంతా బీడీలు నీళ్ళలో పడి ఉంటాయి. "నా పేరు నాంచారమ్మ. నేనిక్కడే ఉంటా, భయపడమాక తల్లీ," అంది. వెంటనే గంపను పక్కన పడేసి, రెండు చేతులతో శాలిని తల కింద ఇసుక తవ్వటం మొదలుపెట్టింది. తవ్విన గోతిలోకి నీళ్ళు ఊరాయి.

"తవ్వొద్దు నాంచారమ్మా, నీళ్ళొస్తున్నాయి. అడ్డం కట్టండి."

ఆడవాళ్ళు పాయకు అడ్డంగా ఇసుక గట్టు వెయ్యసాగారు. మగవాళ్ళు నలుగురు రెక్క పట్టుకుని ఎత్తబోయారు. ప్లైవుడ్డు ఫెళ్ళున విరిగి చేతుల్లోకి వచ్చింది. విమానం ఇంకాస్త కుంగింది. మూత అంచు శాలిని చెంపకు ఆనింది.

"ఆగండి! రెక్క కాదు. తోక దగ్గర పట్టుకోండి. తోక మొదట్లో."

పట్టుకున్నారు. బెత్తెడు లేచింది. అంతకుమించి రాలేదు, వదిలితే మళ్ళీ పడిపోతుంది. నలుగురూ అట్లాగే భుజాల మీద మోస్తూ నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళ మధ్యకు అల ఒకటి వచ్చి, గట్టును నాకి పోయింది. రెండో అల గట్టు మీదుగా పొర్లింది. నీళ్ళు శాలిని కనుబొమల దాకా వచ్చి తగ్గాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఊపిరి ముక్కుతో పీల్చాలా, నోటితోనా అన్నది కూడా తోచటం లేదు.

నాంచారమ్మ తన అరచేతులు రెండూ ఆమె తల కింద దొప్పలా పట్టి పైకి ఎత్తింది. "నా చేతుల్లో ఉంది నీ తలకాయ. వదల్ను. నీకు పిల్లలున్నారా?"

"లేరు. అమ్మ ఉంది. అన్నయ్య వస్తున్నాడు."

"వస్తాడు, వస్తాడు."

మోటారు సైకిల్ చప్పుడు దూరంగా మొదలై, ఇసుకలో మూలుగుతూ దగ్గరికొచ్చింది; నతానియేలు, రాఘవ బండిని అట్లాగే పడేసి పరిగెత్తుకొచ్చారు. నతానియేలు కళ్ళజోడు ఎక్కడో పోయింది. బోర్లాపడ్డ విమానాన్ని చూసి అరక్షణం నిలబడ్డాడు. "శాలూ!"

"ఉన్నానన్నయ్యా. పక్క నుంచి పగలగొట్టు. తొందరగా."

"గొడ్డలి!" అన్నాడతను. అక్కడ గొడ్డలి లేదు. ఎవరో కొబ్బరికాయలు కొట్టే కత్తి అందించారు.

"సార్, అంత కష్టపడి కట్టుకున్నది... ఇంకో నలుగురొస్తే ఎత్తేస్తాం," అన్నాడు తోక మోస్తున్నవాళ్ళలో ఒకడు.

నతానియేలు వినలేదు. ఎడమ పక్కన చట్రం చెక్కలు రెండింటి మధ్య ప్లైవుడ్డు తప్ప ఇంకేమీ లేని చోటు అతనికి తెలుసు. అక్కడ తానే రాత్రుళ్ళు కూర్చుని ఉప్పుకాగితం పట్టాడు. మొదటి దెబ్బ అక్కడే పడింది. నిప్పురవ్వ లేస్తుందేమోనని ఇనుము జోలికి పోకుండా, చెక్కను మాత్రమే కొడుతున్నాడు. రాఘవ ఆ చీలికలోకి చేతులు పెట్టి, గోళ్ళు లేచిపోతున్నా లాగుతున్నాడు. నీలంరంగు పేళ్ళు నీళ్ళలో తేలిపోతున్నాయి.

ఇంకో అల వచ్చింది. ఈసారి నీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి. శాలిని దగ్గింది. దగ్గుతుంటే భుజం చీలిపోతున్నట్టుంది. నాంచారమ్మ ఏదో అరుస్తోంది గాని, నీళ్ళలో మాట తెలియటం లేదు. తర్వాత పక్క నుంచి వెలుతురు పడింది. అన్న చెయ్యి ఆమె నడుము చుట్టూ వచ్చింది.

"నాంచారమ్మా, భుజాలు పట్టుకోండి. నేను బెల్టు విప్పుతున్నా. శాలూ, గడ్డం గుండెలకు ఆనించు."

బెల్టు ఊడింది. ఆమె బరువంతా నాంచారమ్మ చేతుల మీద పడింది. ఆ చేతులు కుంగాయి గాని వదల్లేదు. మనుషులందరూ కలిసి, పురుడు పోసినట్టు, ఆ చీలికలోంచి ఆమెను బయటికి లాగారు.

పొడి ఇసుక మీద పడుకోబెట్టారు. ఆకాశం మళ్ళీ పైనే ఉంది. రాఘవ కాస్త దూరంలో కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నతానియేలు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. నాంచారమ్మ తడిసిన చీరకొంగు పిండుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇది నువ్వేనా కట్టింది?"

"అవునమ్మా."

"మరి నువ్వెక్కలేదేం?"

"నాకు నడపటం రాదు."

"రాకపోతే చెల్లెల్ని ఎక్కిచ్చావా?"

నతానియేలు చెల్లెలి ముఖం మీది ఇసుక తుడిచాడు.

"ఆయన ఎక్కించలేదు నాంచారమ్మా," అంది శాలిని. "నేనే ఎక్కాను. నాకిష్టమై ఎక్కాను." నిజమే చెప్పింది. కానీ ఆ నిజం అన్న ముఖంలో ఏ మార్పూ తేలేదు.

పోటు పాయను నింపేసింది. మగవాళ్ళు పడవ మోకులు తెచ్చి లకుముకికి కట్టి, హైలెస్సా అంటూ ఒడ్డుకు ఈడుస్తున్నారు. ఒక రెక్క ఇసుకలోనే ఉండిపోయింది. "సార్, ఎక్కడ పెట్టమంటారు?" అని కేకేశారు. నతానియేలు అటు తిరగలేదు. రాఘవే లేచి వెళ్ళాడు.

అవనిగడ్డ ఆసుపత్రిలో శాలిని మెడ కింది ఎముక విరిగిందని చెప్పి కట్టు కట్టారు. అమలమ్మ ఉయ్యూరు నుంచి కారు మాట్లాడుకుని వచ్చింది. కూతురి ముఖం తడిమి, నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంది. కొడుకుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతను గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంటే, అన్నం పొట్లం తెచ్చి పక్కన పెట్టి మాత్రం వెళ్ళింది.

తల్లి బయటికెళ్ళాక నతానియేలు లోపలికి వచ్చాడు.

"రాఘవ కేబుల్ విప్పి తెచ్చి చూపించాడు. పొగగొట్టం వేడికి పైతొడుగు కరిగిపోయి, వంపు దగ్గర ఒరుసుకుని తెగింది. ఆ దారి గీసింది నేనే."

"దాని మీద నేనూ చెయ్యి పెట్టి చూశానుగా ఎగిరే ముందు," అంది శాలిని. "నాకూ తెలియలేదు."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంకోటి కడతానో లేదో నాకు తెలీదు. కానీ కడితే, మొదట ఎక్కేది నేనే. నాకు నేర్పుతావా?"

శాలిని అతన్ని పరకాయించి చూసింది. అన్న వయసు నలభై నాలుగు. కళ్ళజోడు లేకపోతే గుమ్మం కనపడదు. తలకిందులుగా నీళ్ళలో ఉన్నప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ మనిషి మీద తనకు పట్టరాని కోపం వచ్చిన సంగతి గుర్తొచ్చింది. అది పూర్తిగా పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు.

"నా దగ్గర అన్నయ్యవని చూడను," అంది చివరికి. "తప్పు చేస్తే అందరి ముందూ తిడతాను."

"తిట్టు."

ఆ చలికాలం సెలవుల్లో నతానియేలు హైదరాబాదు వెళ్ళాడు. తాను కాలేజీలో పాఠాలు చెప్పే పిల్లల వయసువాళ్ళ మధ్య చివరి బెంచీలో కూర్చున్నాడు. మొదటి రోజు గాల్లోకి లేవగానే ముఖం పాలిపోయింది. మలుపు తిరిగేసరికి ఒళ్ళో వాంతి చేసుకున్నాడు. పక్క సీట్లో శాలిని నవ్వలేదు, ఓదార్చలేదు. విమానాన్ని దించి, పాత గుడ్డ ఒకటి, సీసాడు నీళ్ళు చేతికిచ్చింది.

"సీటు నువ్వే శుభ్రం చెయ్యి," అంది. "రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రా."